నారుకు ఏ రంగు వెలుగు కావాలి?

అక్టోబరు మొదటి రోజుల్లో శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లిలో తెల్లవారకముందే జనం బారులు తీరతారు. పొద్దు పొడిచీ పొడవగానే తొలి కిరణాలు గుడిలోకి దూరి, సూర్యనారాయణస్వామి పాదాలను తాకే ఆ కాసేపటి కోసమే ఆ ఎదురుచూపులన్నీ. మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి మాత్రమే దొరికే దర్శనమది. కానీ అక్టోబరంటే మబ్బుల నెల కదా... కొన్నేళ్లు కిరణం కనిపించకుండానే భక్తులు నిట్టూర్చి వెనుదిరుగుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పెరళ్లలో, మేడల మీద మరికొన్ని ప్రాణాలు కూడా సూర్యుడి కోసం మెడలు చాచి చూస్తుంటాయి. అవే శీతకాలం పంటకని పోసుకున్న టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారుమొక్కలు!

మొలకకూ తుపానుకూ ఒకటే ముహూర్తం

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ముందురోజు రాత్రి తొలేళ్ల సంబరం జరుగుతుంది. అమ్మవారి ప్రసాదంగా రైతులకు విత్తనాలు పంచుతారు. వాటిని ఇంట్లో ఉన్న విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. దసరా వెళ్లాక వచ్చే ఈ పండగ రోజులే కూరగాయల నారు పోసుకునే రోజులు కూడా. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేదీ అప్పుడే.

2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటుతూ శ్రీకాకుళం ఉత్తర మండలాలను వణికించింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడి విజయనగరాన్నీ, శ్రీకాకుళాన్నీ అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర ఒడ్డెక్కింది.

పెద్ద చెట్లే నిలవని గాలికి వేలెడు నారు ఏపాటిది? గాలివాన రాకపోయినా వారం రోజులు ముసురు పడితే చాలు, తడి ఆరని మడిలో నారుకుళ్లు తెగులు మొదలవుతుంది. మొదళ్లు మెత్తబడి మొక్కలు వరసగా ఒరిగిపోతాయి. మళ్లీ విత్తనం కొని, మొలకెత్తించి, నాటే సైజుకు తేవాలంటే ఇంకో నెల పడుతుంది. అంటే చలికాలంలో సగం ఆ తట్ట చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది.

అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో రెండు తట్టల నారు గదిలోనో, నడవాలోనో పెంచుకుందామన్న ఆలోచన మొదలైంది. అక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఇంట్లో సూర్యుడుండడు. దీపం పెట్టాలి. ఏ రంగు దీపం? దుకాణాల్లో మొక్కల దీపాలంటూ ఊదారంగులో మెరిసేవి అమ్ముతున్నారు. మామూలు తెల్ల ట్యూబు కంటే వాటి ధర బాగా ఎక్కువ. అంత డబ్బు పెట్టాల్సిందేనా?

పాలికలు చెప్పే పాఠం

వెలుగు లేకపోతే మొలక ఏం చేస్తుందో పెళ్లిళ్లు చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. అంకురార్పణ వేళ పాలికల్లో నవధాన్యాలు పోసి ఇంట్లో ఓ మూల ఉంచుతారు. నాలుగైదు రోజులకు చూస్తే మొలకలు జానెడు ఎత్తున నిలబడతాయి. కానీ ఆ ఎత్తు బలం కాదు. రంగు లేత పసుపు, కాడ సన్నం, ఆకు చిన్నది. చీకట్లో ఉన్న మొక్క తన దగ్గరున్న కాస్త నిల్వనూ పైకి సాగడానికే ఖర్చుపెట్టేస్తుంది. ఎక్కడో పైన వెలుగుంటుంది, ముందు దాన్ని అందుకుంటే తర్వాత సంగతి తర్వాత... అదీ దాని లెక్క.

కిటికీ పక్కన పెట్టిన నారుదీ ఇదే అవస్థ. పూర్తి చీకటి కాదు కాబట్టి పచ్చగానే ఉంటుంది. కానీ కాడ సాగి, కిటికీ వైపు వంగిపోతుంది. దాన్ని నేలలో నాటితే మొదటి గాలికే పడుకుంటుంది.

ఈ వంగడం వెనక సంగతి కోసం 1880లోనే చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద ప్రయోగాలు చేశారు. మొలక కొసకు చిన్న టోపీ తొడిగితే అది వెలుగువైపు వంగడం మానేసింది. అంటే వెలుగును పసిగట్టేది కొస, వంగేది కింది కాడ! ఆ కొస ముఖ్యంగా పట్టించుకునేది నీలం రంగునని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఏడు రంగుల్లో ఎవరి పని వారిది

సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు, వెలుగులో ఏడు రంగులు. మొక్క వాటిలో ఒక్కోదాన్నీ ఒక్కోలా వాడుకుంటుంది.

*నీలం:* ఇది మొక్కను అదుపులో పెట్టే రంగు. నీలం తగినంత అందితే కాడ పొట్టిగా, లావుగా ఉంటుంది. ఆకు దళసరిగా, ముదురు పచ్చగా వస్తుంది. ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరుచుకునేదీ దీని సైగతోనే.

*ఎరుపు:* పిండిపదార్థం తయారుచేసుకోవడానికి మొక్కకు బాగా అక్కరకొచ్చేది ఇదే. ఆకు వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది. అయితే ఎరుపు ఒక్కటే ఇస్తే నారు సాగిపోతుంది. పక్కన నీలం ఉండాల్సిందే.

*ఆకుపచ్చ:* ఆకు పచ్చగా కనిపిస్తోందంటే ఆ రంగును మొత్తం తిప్పికొడుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి తిప్పికొట్టేది కొంతే. మిగతాది ఆకు లోపలి పొరల దాకా వెళ్లి పనిచేస్తుంది. పై ఆకుల నీడలో ఉన్న కింది ఆకులకూ ఇది అందుతుంది. అమెరికాలోని టెక్సస్‌లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంటమొక్కల ఆకులను ఒక్కో రంగు కిందా పరీక్షించి, 1972లో ఫలితాలు ప్రకటించారు. ఎరుపుదే పైచేయి అయినా నీలం, ఆకుపచ్చ కూడా బాగానే పనిచేస్తాయని తేలింది.

*అంచు ఎరుపు:* ఎరుపు దాటాక, మన కంటికి సరిగా ఆనని రంగు ఇది. దీని కథ అన్నిటికన్నా ఆసక్తికరం. 1952లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన బెల్ట్స్‌విల్ కేంద్రంలో శాస్త్రవేత్తలు లెట్యూస్ విత్తనాల మీద ఎర్రని వెలుగు కాసేపు పడేలా చేశారు. అవి మొలకెత్తాయి. ఆ వెంటనే అంచు ఎరుపు చూపిస్తే మొలకెత్తడం మానేశాయి. రెండిటినీ ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా ఆఖరున పడినదానిదే మాట! మొక్కలో ఓ మీటలాంటి పదార్థం ఉందని దాంతో అర్థమైంది. దానికే తర్వాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు.

మామిడిచెట్టు కింద పెట్టిన నారు ఎందుకు సాగిపోతుందో కూడా ఈ మీటే చెబుతుంది. పై ఆకులు ఎరుపును పీల్చేసుకుని అంచు ఎరుపును కిందికి వదిలేస్తాయి. కింద ఉన్న పిల్లమొక్క ‘నా నెత్తిన ఎవరో ఉన్నారు’ అని గ్రహించి పైకి పరుగు తీస్తుంది. చెట్టునీడ మనకు చల్లన, నారుకు మాత్రం చేటు అనేది అందుకే.

ఊదా దీపం ఎక్కడినుంచి వచ్చింది?

పచ్చదనాన్నిచ్చే పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది ఎరుపు, నీలం రంగుల్నే. అలాంటప్పుడు మిగతా రంగుల కోసం కరెంటు ఎందుకు ఖర్చుపెట్టడం అన్న ఆలోచనతో పుట్టిందే ఎరుపు, నీలం ఎల్‌ఈడీల కలయిక. రెండూ కలిస్తే మన కంటికి ఊదాగా కనిపిస్తుంది. అంతరిక్షంలో మొక్కలు పెంచాలని నాసా చేయించిన పరిశోధనల్లో ఈ జంటకు పేరొచ్చింది. అక్కడ ప్రతి వాటూ లెక్కే మరి!

అయితే 2014లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమర్చిన ‘వెజ్జీ’ అనే చిన్న తోటలో ఎరుపు, నీలాలతోపాటు ఆకుపచ్చ దీపాలనూ చేర్చారు. ఊదా వెలుగులో ఆకు నల్లగా, వింతగా కనిపిస్తుంది. పచ్చ కలిస్తేనే మొక్క మొక్కలా ఉంటుంది. ఆ తోటలో పెరిగిన ఎర్ర లెట్యూస్ ఆకులనే 2015 ఆగస్టులో వ్యోమగాములు తిన్నారు.

ఇంట్లో నారు పెంచేవారికీ ఇది పనికొచ్చే పాఠం. ఆకు పసుపుబారిందా, మచ్చ పడిందా, పురుగు చేరిందా అన్నది ఊదా వెలుగులో తెలియదు. తెలిసేసరికి తట్టంతా పాకిపోతుంది. పైగా గంటలకొద్దీ ఆ వెలుగులో ఉంటే ఇంట్లోవాళ్ల కళ్లకూ చికాకే. ఊదా దీపాల కింద నారు పెరగదని కాదు. మంచి దీపమైతే బాగానే పెరుగుతుంది. కానీ రెండు తట్టల నారుకు ఆ ఖర్చు అవసరం లేదు.

హుద్‌హుద్‌కు అయిదు రోజుల ముందు

2014 అక్టోబరు 7న ఆ ఏడాది భౌతికశాస్త్ర నోబెల్‌ను ప్రకటించారు. నీలం ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా దాన్ని పంచుకున్నారు. అయిదు రోజులు తిరక్కుండానే హుద్‌హుద్ వచ్చి ఉత్తరాంధ్రను చీకటి చేసింది. ఎల్‌ఈడీ బల్బులను చవకగా ఇంటింటికీ ఇచ్చే పథకం మన రాష్ట్రంలో మొదలైందీ ఆ రోజుల్లోనే. తొలివిడతకు ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి.

ఈ రెండు సంగతులకూ సంబంధం ఉంది. మన ఇంట్లో వెలిగే తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం దీపమే. దాని మీద పసుపు పూత ఉంటుంది. నీలంలో కొంత ఆ పూతను తాకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపులుగా మారుతుంది. మిగిలిన నీలం నేరుగా బయటికొస్తుంది. అన్నీ కలిసి తెలుపు. అంటే నారుకు కావాల్సిన రంగులన్నీ ఆ తెల్ల ట్యూబులోనే ఉన్నాయి!

తేడా అల్లా పాళ్లలోనే. అది డబ్బా మీదే రాసి ఉంటుంది. ‘6500కె’ అని ఉంటే చల్లని తెలుపు. అందులో నీలం సుమారు పావు వంతు ఉంటుంది. నారు గిడసగా, గట్టిగా పెరగడానికి ఇది మేలు. ‘2700కె’, ‘3000కె’ అని ఉంటే పసుపు ఛాయ. నీలం పదో వంతే, ఎరుపు ఎక్కువ. రెండు ట్యూబులు కట్టుకునేవారు ఒకటి చల్లని తెలుపు, ఒకటి పసుపు ఛాయ పెట్టుకోవచ్చు. ఒకే రకం కొనాలంటే మాత్రం 6500కె చాలు. పాతకాలం వైరు బల్బు జోలికి పోవద్దు. దానికిచ్చే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. వచ్చే వెలుగులో నీలం తక్కువ, అంచు ఎరుపు ఎక్కువ. నారు అటు వాడుతుంది, ఇటు సాగుతుంది.

రంగు కన్నా మోతాదు ముఖ్యం

చాలామంది దెబ్బతినేది రంగు దగ్గర కాదు, మోతాదు దగ్గర. ట్యూబులైటు వెలుగుతున్న గది మన కంటికి పట్టపగలులా ఉంటుంది. కానీ కొలిస్తే అక్కడుండేది రెండు మూడు వందల లక్సులే. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష లక్సులుంటాయి. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట పదివేల దాకా ఉంటాయి. మన కంటిపాప చీకటికీ వెలుగుకూ సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా తెలియదు. ఆకుకు ఆ సర్దుబాటు లేదు.

నారుకు కనీసం అయిదారు వేల లక్సులు, వీలైతే పది పదిహేను వేలు కావాలి. అదీ రోజుకు 14 నుంచి 16 గంటలు. గది పైకప్పున ఉన్న ట్యూబు ఎంత మంచిదైనా ఇది సాధ్యం కాదు. దీపం దూరం రెట్టింపైతే బల్బు వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే దీపాన్ని కిందికి దించాలి. నారు కొసకు జానెడు ఎత్తులో ఉంచాలి. ఎల్‌ఈడీ ట్యూబు ఒళ్లు పెద్దగా కాలదు కాబట్టి అంత దగ్గరున్నా ఆకు మాడదు.

సెల్‌ఫోన్‌లో లక్సులు కొలిచే యాప్‌లు ఉన్నాయి. ఉజ్జాయింపుకు అవి సరిపోతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. లక్సు అనేది మన కంటి లెక్క. తెల్ల దీపాల వరకు దాన్ని నమ్మొచ్చు. ఊదా దీపం కింద అది తక్కువ చూపిస్తుంది.

ఎక్కువ వెలుగు మంచిదే కదా అని రాత్రీ పగలూ వెలిగించినా తప్పే. టమాటాకు 24 గంటలూ వెలుగిస్తే ఆకులు పసుపుబారి దెబ్బతింటాయి. నారుకూ నిద్ర కావాలి. టిష్యూకల్చర్ అరటి మొక్కలు పెంచే ప్రయోగశాలల్లో కూడా సాధారణంగా పాటించేది ఇదే లెక్క... 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి.

ఇంట్లో ఇలా చేసుకోవచ్చు

* నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అరమీద 98 గుంటల ప్రోట్రేలు రెండు పడతాయి. అంటే దాదాపు రెండు వందల మొక్కలు. పెరటికి, మేడమీది కుండీలకు పోను ఇరుగుపొరుగుకు పంచిపెట్టేటన్ని!

* గుంటల్లో మట్టికి బదులు కొబ్బరిపీచు పొట్టు, బాగా మాగిన వర్మీకంపోస్టు కలిపి నింపాలి. కొబ్బరికి పుట్టిల్లయిన ఉద్దానం ఉన్న జిల్లాలో పొట్టుకు కరవేముంది?

* టమాటా, వంగ, మిరప గింజలు మొలకెత్తడానికి వెలుగు అక్కర్లేదు, వెచ్చదనం చాలు. మొదటి మొలక తల ఎత్తిన రోజునే దీపం వెలిగించాలి. రెండు రోజులు ఆలస్యమైనా కాడ సాగిపోతుంది. తర్వాత దాన్ని పొట్టి చేయలేం.

* 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు పక్కపక్కన, తాళ్లతో వేలాడదీయాలి. మొక్క పెరిగేకొద్దీ తాడు పైకి లాగుతూ జానెడు దూరం ఉండేలా చూడాలి. పక్కల తెల్లని అట్టలు నిలబెడితే వెలుగు వృథా కాదు. అయినా నారు సాగుతుంటే మూడో ట్యూబు జోడించాలి.

* రోజుకు 15 గంటలు వెలిగితే రెండు ట్యూబులకు ఖర్చయ్యేది 0.6 యూనిట్లు. 20 రోజులకు 12 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 72 రూపాయలు!

* నీళ్లు పొదుపుగా పోయాలి. గాలి ఆడని గదిలో తడి ఎక్కువైతే ఇంట్లోనూ నారుకుళ్లు తప్పదు. రోజూ కాసేపు ఫ్యాను గాలి తగిలితే కాడ గట్టిపడుతుంది.

* నాటడానికి వారం ముందు తట్టను బయటికి అలవాటు చేయాలి. మొదటిరోజు గంటసేపు పొద్దుటి ఎండ, తర్వాత రోజుకో గంట పెంచుతూ పోవాలి. జానెడు దూరంలో ట్యూబు తప్ప ఎరగని ఆకును ఒక్కసారిగా ఎండలో పెడితే మాడిపోతుంది.

కరెంటు పోతే?

తుపాను నాడు ముందు పోయేది కరెంటే. హుద్‌హుద్, తిత్లీల తర్వాత ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అప్పుడు ఈ దీపాల ముచ్చట ఎందుకు పనికొస్తుంది?

రెండు ట్యూబులకు కలిపి 40 వాట్లే కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో రోజుకు నాలుగైదు గంటలైనా వెలిగించొచ్చు. అదీ లేకపోతే ఒకటి రెండు రోజుల చీకటికి నారు చావదు. ఆ రెండు రోజులూ నీళ్లు ఆపేసి, తట్టను ఇంట్లో చల్లని చోట ఉంచాలి. చల్లగా, పొడిగా ఉంటే సాగడం నెమ్మదిస్తుంది. గాలి తగ్గగానే వరండాలోకి మార్చాలి. ముసురులో సైతం వాన జల్లు తగలని వరండా అంచున, గదిలో ట్యూబు ఇచ్చేదానికంటే ఎన్నోరెట్ల వెలుగు ఉంటుంది. వాతావరణశాఖ వాయుగుండం హెచ్చరిక ఇచ్చిన రోజున మాత్రం కొత్తగా గింజలు వేయకపోవడమే మంచిది. మొలకెత్తిన నాలుగు రోజులే వెలుగు అత్యవసరమైన రోజులు.

ఈ ఏర్పాటు పెరటితోటకూ, మేడతోటకూ, కొద్దిపాటి మడికీ. ఎకరా టమాటా వేసే రైతుకు పదివేలకు పైగా మొక్కలు కావాలి. అన్నిటికీ దీపాలు కట్టడం గిట్టుబాటు కాదు. గట్టి షేడ్‌నెట్ కింద, వానొస్తే కప్పడానికి పాలిథిన్ పట్టాతో ప్రోట్రేల్లో పెంచుకోవడమే వారికి దారి. నెట్ మరీ దట్టమైతే అక్కడా నారు సాగిపోతుంది, సగం ఎండను వదిలేది చాలు. రకాల ఎంపిక, తెగుళ్ల సందేహాలుంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను అడగవచ్చు.

ఇక ఎండ పుష్కలంగా ఉన్న రోజుల్లో దీపం వెలిగించడం దండగే. డిసెంబరులో కూడా ఈ జిల్లాల్లో పగలు దాదాపు 11 గంటలుంటుంది. తూర్పు ఎండ తగిలే గోడవార, మేడ అంచు ఉన్నవారికి అంతకు మించిన దీపం ఏ దుకాణంలోనూ దొరకదు. తెల్ల ట్యూబు పని మబ్బు పట్టిన ఆ పది పదిహేను రోజులు నారును నిలబెట్టడమే. అది చేయగలిగితే తుపాను వెళ్లిన మర్నాడు విత్తనాల దుకాణానికి పరుగెత్తాల్సిన పని లేదు. నేల ఆరగానే నాటుకోవడానికి తట్ట సిద్ధంగా ఉంటుంది. సంక్రాంతికి సొంత పెరటి వంకాయా ఉంటుంది!